స్ఫ్యం, తెడ్డు: గంగాతరణ ఘట్టంలోని ఒక అరుదైన నావికపదం

వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో సీతారామలక్ష్మణులు గంగను దాటే ఘట్టం దాక్షిణాత్య పాఠంలో 52వ సర్గలోను, బరోడా సంశోధిత ప్రతిలో 46వ సర్గలోను ఉంది. గుహుడు నావను తెప్పించటం, సుమంత్రుని వీడ్కోలు, సీత గంగకు మొక్కుకోవటం వంటి ప్రసిద్ధ సన్నివేశాల నడుమ నావ కదిలిన క్షణాన్ని కవి ఒక్క శ్లోకంలో చెప్పి వదిలేశాడు. ఆ శ్లోకంలో నావకు ‘శుభస్ఫ్యవేగాభిహతా’ అనే విశేషణం ఉంది. శ్రేష్ఠమైన స్ఫ్యాల వేగం చేత కొట్టబడినది అని దాని పదార్థం. వేగం, అభిహతి అందరికీ తెలిసిన మాటలే. స్ఫ్యం అంటే ఏమిటన్నదే ప్రశ్న.

పారాయణంలో ఈ పదం దగ్గర సాధారణంగా ఎవరూ ఆగరు. సందర్భాన్ని బట్టి తెడ్డు అని అనుకొని ముందుకు సాగుతారు. అలా అనుకోవటంలో తప్పు లేదు, ఆ అర్థం సరైనదే. అయితే అది సందర్భం ఇచ్చిన ఊహగానే మిగిలిపోయింది. పదానికి ఆ అర్థం ఎలా వచ్చిందన్న విచారణ జరగకపోవటం వల్ల, ఇదే పదం వైదిక వాఙ్మయంలో నావ ప్రసక్తిలోనే మరోసారి కనిపించినప్పుడు పండితులు వేరే దారి పట్టారు. ఆ దారి ప్రాచీన భారతీయ నౌకాచరిత్రలో ఒక తెరచాపను అనవసరంగా ఎత్తింది.

తెలుగునాట స్ఫ్యం తెలియని మాట కాదు. అది తెలిసినవారు మాత్రం నావికులు కారు, శ్రౌతులు. తైత్తిరీయ సంహిత మొదటి కాండలో పరిగణించిన పది యజ్ఞాయుధాల్లో మొట్టమొదటిది స్ఫ్యం. కపాలాలు, అగ్నిహోత్రహవణి, చేట, కృష్ణాజినం, శమ్య, రోలు, రోకలి, సన్నెకల్లు, పొత్రం దాని వెనుక వస్తాయి. చండ్రకొయ్యతో ఇంచుమించు మూరెడు పొడవున కత్తి ఆకారంలో చెక్కిన చదునైన పనిముట్టు ఇది. వేది హద్దులు గీయటం, నేలను పెళ్లగించటం దీని పనులు. ఇంద్రుడు వృత్రునిపై విసిరిన వజ్రం ముక్కలై స్ఫ్యం, యూపం, రథం, బాణం అయిందని శతపథబ్రాహ్మణం మొదటి కాండలో ఒక కథ ఉంది. కోనసీమ ఆహితాగ్నుల జీవితాన్ని గురించి డేవిడ్ నైప్ 2015లో వెలువరించిన గ్రంథాన్ని చదివినవారికి, ఈ సామగ్రి ఇటీవలి కాలం వరకు తెలుగు ఇళ్లలో ఎలా నిలిచి ఉన్నదో తెలుస్తుంది. ఆ కోనసీమ గోదావరి పాయల నడుమ ఉన్న సీమ. అక్కడ శ్రౌతి చేతిలో స్ఫ్యం ఉంది, పడవవాని చేతిలో తెడ్డు ఉంది. ఒకటి మూరెడు, మరొకటి నిలువెత్తు అన్న భేదాన్ని పక్కన పెడితే రెండూ ఒకే ఆకారపు కొయ్యలు. కాని ఒకదానిని యజ్ఞప్రకరణంలోను, మరొకదానిని వృత్తిపదాల్లోను చదివే అలవాటు ఆ పోలికను కనబడనీయలేదు.

మోనియర్ విలియమ్స్ 1899 నాటి సంస్కృత నిఘంటువు స్ఫ్యశబ్దానికి ఇచ్చిన అర్థాలు మూడు. ఉడికిన అన్నాన్ని కలియబెట్టేందుకు గాని, వేదిని సవరించేందుకు గాని వాడే కత్తివంటి చదును కొయ్య అన్నది మొదటిది. ఓడ తెరచాపకు సంబంధించిన వాసం అన్నది రెండవది. ఒక విధమైన తెడ్డు అన్నది మూడవది. మొదటి అర్థానికి అథర్వవేదాన్ని, రెండవదానికి శతపథబ్రాహ్మణాన్ని, మూడవదానికి రామాయణాన్ని ఆకరాలుగా చూపారు. మూడు గ్రంథాలకు మూడు అర్థాలు కేటాయించినట్లు ఉంది. ఒకే పదం నావ ప్రసక్తిలో ఒకచోట తెరచాప కొయ్య, మరొకచోట తెడ్డు ఎలా అయిందో నిఘంటువు చెప్పదు. చెప్పవలసిన బాధ్యత నిఘంటువుది కాదనుకున్నా, అడగవలసిన బాధ్యత పాఠకునిది.

ముందుగా రామాయణ శ్లోకాన్నే చూడాలి. అంతకు ముందు శ్లోకంలో రాముడు నావికులను ప్రేరేపించాడు. ఈ శ్లోకంలో నావ వారిచేత నడపబడినది, కర్ణధారునిచేత కుదురుగా నిలపబడినది, స్ఫ్యాల వేగంచేత కొట్టబడినది అని మూడు విశేషణాలున్నాయి. నడిపేవారు, దిశను నిలిపేవాడు, నడిపే సాధనం అని మూడూ వేరువేరుగా చెప్పబడ్డాయి. చుక్కాని పని కర్ణధారుని పేరులోనే ఇమిడిపోయింది గనుక స్ఫ్యం చుక్కాని కాజాలదు. తెరచాప కొయ్యకు వేగం ఉండదు, అది నావను కొట్టదు. గాలి ప్రసక్తి శ్లోకంలో లేదు. ఇక మిగిలింది చేతులతో ఆడించే సాధనమే. నావను రప్పించేటప్పుడు గుహుడు వాడిన మాటలూ దీనికే తోడ్పడుతున్నాయి. వాహనంతో కూడినది, కర్ణగ్రాహుడు కలది అయిన నావను తెమ్మన్నాడు. అక్కడి వాహనశబ్దానికి తెడ్లు అనో తెడ్లు వేసేవారు అనో చెప్పటం వాడుక. అంటే నావను సిద్ధం చేసిన చోట చెప్పిన జంటే నావ కదిలిన చోట మరో మాటల్లో తిరిగి వచ్చింది. వాల్మీకి నావలను గురించి తెలిసి రాశాడనటానికి ఈ పొందిక చాలు.

గడ మాటేమిటన్న సందేహం రావచ్చు. లోతు తక్కువ చోట నేలకు ఆనించి నెట్టే గడకూడా చేతి సాధనమే. కాని గడ నేలను నెడుతుంది, నీటిని కొట్టదు. పైగా అది గుండ్రని వెదురో సరివి వాసమో అవుతుంది గాని చదునైన కొయ్య కాదు. శ్రౌతస్ఫ్యానికి ప్రాణం దాని చదునుతనమే. అథర్వవేదం 11వ కాండలో ఓదనాన్ని స్తుతించే సూక్తం ఒకటుంది. అన్నాన్ని విశ్వశరీరంగా భావించి ఒక్కొక్క పనిముట్టును ఒక్కొక్క అవయవంగా చెప్పే ఆ సూక్తంలో రెండు స్ఫ్యాలు రెండు భుజాలయ్యాయి. భుజం వెనుక ఉన్న రెక్క ఎముకను తడిమి చూస్తే ఆ పోలిక ఎక్కడ నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక శతపథబ్రాహ్మణం. నాలుగవ కాండలో బహిష్పవమానస్తోత్రాన్ని స్వర్గానికి పోయే నావగా చెప్పి, ఋత్విక్కులే ఆ నావకు స్ఫ్యాలు, అరిత్రాలు అంటారు. నిందకు తగినవాడు వారిలో ఒక్కడున్నా, నిండిన నావను ఎక్కినవాడు దానిని ముంచినట్లు, ఆ నావను ముంచుతాడట. 1885లో వెలువడిన అనువాద సంపుటంలో ఎగ్గెలింగ్ అరిత్రాలను తెడ్లుగాను, స్ఫ్యాలను వాసాలుగాను తీసుకున్నాడు. అరిత్రం తెడ్డు అయినప్పుడు దాని పక్కనున్న స్ఫ్యం మరొకటి కావాలన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న తర్కం అనిపిస్తుంది. నిఘంటువులో అది తెరచాప వాసంగా మారింది. ఋగ్వేదంలో నావకు స్పష్టంగా చెప్పిన అంగం అరిత్రమే. తెరచాప గాని, దానిని నిలిపే స్తంభం గాని స్పష్టమైన పేరుతో ఎక్కడా లేవు. అటువంటప్పుడు బ్రాహ్మణంలోని ఒక్క పదానికి తెరచాప కొయ్య అని అర్థం చెప్పటమంటే కొత్త నౌకాంగాన్ని, దాని వెంట కొత్త నౌకానిర్మాణ దశను ప్రతిపాదించటమే. అంత బరువును ఆ పదం మోయలేదు.

వాక్యం లోపలి సాక్ష్యం కూడా వాసానికి ప్రతికూలమే. స్ఫ్యాలు, అరిత్రాలు రెండూ బహువచనంలో ఉన్నాయి. రెండింటికీ కలిపి చెప్పిన పని స్వర్గలోకానికి దాటించటం. ఋత్విక్కులు బహిష్పవమానానికి పోయే తీరు తెలిసినవారికి ఈ రూపకం ఇంకా బాగా అర్థమవుతుంది. ఒకరి వెనుక ఒకరు, ఒకరినొకరు పట్టుకొని, వంగి పాకుతున్నట్లు వరుసగా సాగుతారు. దానికి సర్పణమనే పేరు. వంగిన వీపుల ఆ వరుసను చూసి బ్రాహ్మణకర్తకు నావ పక్కన ఒకే లయలో వాలి లేచే తెడ్ల వరుస స్ఫురించిందనటం సహజంగా ఉంది. గాలికి ఎదురు నిలిచే అడ్డకొయ్య ఈ కదలికకు సరిపడదు.

అయితే ఒకే వాక్యంలో రెండు తెడ్లు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు రెండు పదాల పుట్టుకలో వెదకాలి. అరిత్రం పనినిబట్టి వచ్చిన పేరు. పాణిని మూడవ అధ్యాయంలో (3.2.184) గమనార్థకమైన ఋ ధాతువుకు ఇత్రప్రత్యయం చేర్చి, లవిత్రం, ఖనిత్రం, చరిత్రం వంటి మాటల వరుసలో దీనిని సాధించాడు. గ్రీకు, లాటిన్ భాషల్లోని తెడ్డు పేర్లైన ఎరెట్మోన్, రేముస్ శబ్దాలతో పోల్చి, ఇది తెడ్డు వేయటమనే అర్థమున్న వేరొక ధాతువునుంచి వచ్చిందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఏ పక్షం తీసుకున్నా ఆ పేరు పనినే చెబుతుంది. స్ఫ్యం అలా కాదు. పోకర్నీ తన 1959 నాటి వ్యుత్పత్తి కోశంలో దీనిని పొడవైన చదును కొయ్య ముక్కను చెప్పే పదాల కుటుంబంలో, గ్రీకులో మేకును చెప్పే స్ఫేన్, ఇంగ్లీషు స్పూన్ మొదలైన వాటితో చేర్చాడు. స్పూన్ శబ్దానికి పాత ఇంగ్లీషులో కొయ్య పేడు అనే అర్థం ఉండేది. అంటే స్ఫ్యం ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. శతపథంలోని జంటలో ఒకటి కొయ్య చదునును, మరొకటి అది చేసే పనిని చెప్పి ఉండవచ్చు, లేదా చేతిలో విడిగా పట్టుకొనే పొట్టి తెడ్డు స్ఫ్యం, నావ పక్కకు కట్టి లాగే పొడవాటి తెడ్డు అరిత్రం అయి ఉండవచ్చు. రెండవదే మెరుగైన ఊహ. ఋగ్వేదం మొదటి మండలంలో అశ్వినీదేవతలు భుజ్యుని రక్షించిన నావను నూరు అరిత్రాల నావగా వర్ణించిన చోట, పక్కలకు కట్టి ఉండి నీటిని కలచుతూ నావను వేగంగా నడిపే కొయ్యలే అరిత్రాలని సాయణుడు వివరించాడు. ఆ కట్టి ఉండటమే భేదకం కావచ్చు.

పనినిబట్టి వచ్చిన పేరు ఒకవైపు జారుతుంది, ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు మరోవైపు జారుతుంది. అరిత్రానికి జరిగింది చూడదగినది. నూరు చుక్కానులు ఉన్న నావ ఉండదు గనుక ఋగ్వేదంలో అది తెడ్డే అనటంలో సందేహం లేదు. అమరకోశం వారివర్గంలో నౌకాదండం, క్షేపణి, అరిత్రం, కేనిపాతకం అనే నాలుగు మాటలు ఒకే పాదద్వయంలో వరుసగా వస్తాయి. వాటిని రెండు జంటలుగా విడదీసి, మొదటి జంటకు తెడ్డు అని, రెండవ జంటకు చుక్కాని అని చెప్పటం వ్యాఖ్యానసంప్రదాయం. విభజనను సూచించే తు, అథ శబ్దాల్లో ఏదీ అక్కడ లేదు. వెనుకటి పంక్తిలో నావికులను, నావస్తంభాన్ని కూడా అమరుడు అటువంటి గుర్తు లేకుండానే పక్కపక్కన పెట్టాడు గనుక ఆ లోపం నుంచి ఏ సిద్ధాంతమూ తీయలేం. కేనిపాతకమంటే నీటిలో పడవేయబడేది. విభక్తి లోపించని ఆ సమాసం తెడ్డుకూ చుక్కానికీ సమానంగా చెల్లుతుంది. నిజానికి ఆ కాలపు చుక్కాని కూడా తెడ్డే. అజంతా 2వ గుహలోని మూడు స్తంభాల ఓడ చిత్రంలో దిశను తిప్పే సాధనం ఓడ వెనుక భాగాన పక్కనుంచి నీటిలోకి దించిన పెద్ద తెడ్డుగానే కనిపిస్తుంది. నడిపే కొయ్య తిప్పే కొయ్య అయింది, పేరు దానితోనే పోయింది. ఇంగ్లీషులో చుక్కానికి నేడున్న పేరు కూడా ఒకప్పుడు తెడ్డు పేరే.

స్ఫ్యం అలా చుక్కానివైపు జరగలేదు. దాని జాడ యజ్ఞశాలకు, వంటకు, భుజానికి పోయింది. కారణం అది పనికి కట్టుబడని మాట కావటమే. అందువల్ల నిఘంటువులో యజ్ఞసాధనమన్న అర్థాన్ని ముందు పెట్టి తెడ్డును చివరన లాక్షణికార్థంలా చేర్చటం సమంజసం కాదు. చదునైన పొడవాటి కొయ్య అన్నది మూలార్థం. యజ్ఞాయుధం, కలియబెట్టే కొయ్య, పడవ తెడ్డు అన్నవి దానికి మూడు వినియోగాలు. నాలుగవదిగా వచ్చిన తెరచాప వాసానికి అక్కడ చోటు లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. రాముడు నావ ఎక్కగానే తన హితం కోరి జపం చేశాడని వాల్మీకి చెప్పాడు. నావారోహణానికి సంప్రదాయం వినియోగించే ఋగ్వేద మంత్రంలో (10.63.10) మంచి అరిత్రాలున్న దైవనావ ప్రస్తావన ఉంది. జపం, శుభశబ్దం, స్ఫ్యం దగ్గరదగ్గరగా ఉండటం చూసి, గంగాతరణాన్ని యజ్ఞంగాను, తెడ్డును వజ్రాంశగాను వ్యాఖ్యానించాలన్న ఉత్సాహం కలగటం సహజమే. ఆ ధ్వని ఉండదని చెప్పలేం. అయితే వాచ్యం కుదరకుండా ధ్వని నిలవదు. నీటిని కొట్టే కొయ్యగా స్ఫ్యాన్ని ముందు గ్రహించకపోతే ‘వేగాభిహతా’ అన్న మాటలు వ్యర్థమవుతాయి. శుభశబ్దానికి కూడా మంగళకరమన్న అర్థం కంటే చక్కనిదన్న అర్థమే ఇక్కడ సూటిగా సరిపోతుంది. గుహుడు తెమ్మన్న నావకు కూడా అదే విశేషణం ఉంది.

సంస్కృతంలో ఇంత విచారణ చేయవలసి వచ్చిన అర్థవిస్తృతి తెలుగులో ఒక్క మాటలో కళ్లెదుట ఉంది. తెడ్డు అంటే పడవవాని సాధనం, పెళ్లివంటల్లో గుండిగలోని అన్నాన్ని కలియబెట్టే కొయ్య కూడా. చదునైన ముక్కున్న పక్షిని తెడ్డుమూతి కొంగ అంటారు. తెలుగువాడు ఆ మాటతో పనిని కాక ఆకారాన్నే పేర్కొన్నాడనటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఈ మాట చుక్కానివైపు జరగలేదన్నది కూడా గమనార్హమే. కోస్తాలో తెప్పమీద వెనుక కూర్చున్నవాడు తెడ్డుతోనే దిశ తిప్పుతాడు, అయినా దాని పేరు తెడ్డే. స్థిరంగా బిగించిన సాధనానికి మాత్రం అరబ్బీ సుక్కాన్‌తో సంబంధమున్న చుక్కాని అన్న మాట వచ్చి చేరింది. హోమరు ఒడిస్సీ 11వ సర్గలో భుజాన తెడ్డు వేసుకొని సముద్రమెరుగని దేశానికి పోయిన నావికుని తెడ్డును అక్కడివారు ధాన్యం తూర్పారబట్టే పనిముట్టు అనుకుంటారన్న జోస్యం ఉంది. నావ తెలియని ఊరిలో తెలుగు తెడ్డు అయితే వంటవాని దగ్గరకు పోతుంది, స్ఫ్యం యజ్ఞశాలకు పోతుంది.

గంగాతరణ శ్లోకాన్ని తెలుగు చేసేవారి ముందు మూడు దారులున్నాయి. స్ఫ్యం అనే తత్సమాన్ని అలాగే ఉంచితే శ్రౌతం తెలిసిన పాఠకుడు కొయ్యకత్తి దగ్గర ఆగిపోతాడు, తెలియనివాడు ఏమీ గ్రహించడు. అరిత్రం, క్షేపణి వంటి మరో తత్సమాన్ని వాడితే నిఘంటువు చూసేవాడు తెడ్డుకు చుక్కానికి మధ్య చిక్కుకుంటాడు, కవి కర్ణధారునితో చేసిన విభజన చెదిరిపోతుంది. తెడ్డు అంటే ఆ చిక్కులేవీ లేవు. అది అచ్చతెలుగు మాట, వంటింటి వాసన ఉన్న మాట అన్న సంకోచమే అనువాదకుని వెనక్కు లాగేది. స్ఫ్యానికి కూడా అన్నం కలిపిన చరిత్ర ఉందని తెలిస్తే ఆ సంకోచానికి ఆధారం పోతుంది. ఈ సమానార్థకత శైలీసౌకర్యం కోసం తెచ్చుకున్నది కాదు. రెండు భాషలు ఒకే కొయ్యను ఒకే కంటితో చూసినందువల్ల వచ్చినది.

మరొక పని మిగిలి ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, పనిముట్టును భాగాలతో సహా గుర్తించి, ప్రాంతాన్ని బట్టి పేరును నమోదు చేసే పద్ధతిని తెలుగులో స్థిరపరచింది. తెడ్డు పిడికి, కాడకు, రెక్కకు, దానిని పడవకు కట్టే తాడుకు తీరగ్రామాల్లోను గోదావరి, కృష్ణా పాయల్లోను ఉన్న పేర్లను ఆ పద్ధతిలో పక్కపక్కన పెట్టి చూడాలి. శతపథంలోని స్ఫ్యాలు, అరిత్రాలు రెండు రకాల తెడ్లా, ఒకే తెడ్డుకు రెండు పేర్లా అన్న ప్రశ్నకు, విడితెడ్డును కట్టుతెడ్డును మాటలోనే వేరు చేసే పడవవారి అలవాటు ఎంత వ్యాపించి ఉన్నదో తెలిసిన తర్వాత మరింత ధైర్యంగా జవాబు చెప్పవచ్చు.